రుక్కమ్మ ఫారం ముందర అమెరికా పంచాయితి

దేవరయాంజాల్‌లో పుట్టి హైదరాబాద్ శివార్లలోని లాల్‌గడి మలక్‌పేట్‌కు కోడలిగా వచ్చిన రుక్కమ్మకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి "రేపటి నుంచి ఇట్లా చేయాలట" అంటే తలూపి ఊరుకునేది కాదు. "ఎవలు జెప్పిన్రు?" అని అడిగేది. శామీర్‌పేట పక్కన ద్రాక్ష తోటలో గుత్తులు కోసే కూలికి పోయే రోజుల్లో, మేస్త్రీ ఒకసారి "ఇగ మీదట పొద్దు పొడవక ముందే రావాలె, దొర జెప్పిండు" అన్నాడు. మిగతా ఆడవాళ్లు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. రుక్కమ్మ మాత్రం ఆ సాయంత్రం కొంగు నడుముకు చుట్టుకుని నేరుగా తోట యజమాని ఇంటికే పోయింది. తీరా చూస్తే ఆయనకు ఆ సంగతే తెలియదు. కూలీల పని పెందలాడే ముగిస్తే తన మడికి నీళ్లు పెట్టుకోవచ్చని మేస్త్రీ వేసిన ఎత్తు అది. మరునాడు మేస్త్రీ ముఖం మాడ్చుకున్నాడు గానీ కూలీలు మాత్రం ఎప్పటి వేళకే వచ్చారు.

ఆమె పెనిమిటి వెంకటనర్సయ్య దీనికి పూర్తిగా భిన్నమైన మనిషి. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయేవాడు. పొమ్మన్న షిఫ్టుకు పోయేవాడు, రమ్మన్న వేళకు వచ్చేవాడు. "నీకెందుకే గీ పంచాయితులన్నీ" అనేవాడు. అట్లా అంటూనే ఆమె ఎక్కడికైనా బయల్దేరితే వెనకాలే సైకిల్ తీసుకుని వచ్చేవాడు.

తొంభైల నడుమ ద్రాక్ష తోటలు ఒక్కొక్కటే పోయాయి. తీగలు పీకేసిన చోట ప్లాట్ల రాళ్లు లేచాయి. కూలి కరువైంది. అప్పటికే శామీర్‌పేట చుట్టుపక్కల కోళ్ల ఫారాలు వెలుస్తున్నాయి. తూంకుంటలో చుట్టాల ఫారంలో రుక్కమ్మ ఒక ఏడాది పనిచేసి, తమకున్న కొద్దిపాటి చెల్క భూమిలో ఒక రేకుల షెడ్డు వేయించింది. మాంసానికి పెంచే బ్రాయిలర్ కోళ్లు. కోడిపిల్లలు డబ్బాల్లో వచ్చేవి. ఊక పరచి, బల్బుల కింద వెచ్చగా ఉంచి, దాణా పెట్టి పెంచితే ఆరు వారాలు దాటకుండా వ్యాపారి లారీ వచ్చి ఎత్తుకుపోయేది. మళ్లీ షెడ్డు కడిగి, సున్నం కొట్టి, కొత్త పిల్లలు.

మొదటి ఎండాకాలం ఆమెను ఏడిపించింది. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం షెడ్డులో సగం కోళ్లు నోళ్లు తెరిచి పడిపోయాయి. వాటిని గుంట తవ్వి పూడ్చి, ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. వెంకటనర్సయ్య చాయ్ పెట్టి ఇచ్చాడు. మరుసటి ఎండాకాలానికి ఆమె రేకుల మీద గడ్డి కప్పించింది, పక్కలకు తడి గోనె పట్టాలు కట్టించింది. ఆ తర్వాత అంత చావు మళ్లీ చూడలేదు. రెండో షెడ్డు వేసింది. మూడోది కూడా వేసింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు రోజారాణి మేడ్చల్ కాలేజీలో ఇంటర్‌లో చేరింది. బతుకు గాడిన పడిందనే అనుకున్నారు.

అప్పుడు వచ్చింది అమెరికా కోడి కాళ్ల ముచ్చట.

ముందుగా ఆ మాట తెచ్చింది వ్యాపారి ఓదెలు. ప్రతి బ్యాచుకూ వచ్చి కోళ్లను తూకం వేసి ఎత్తుకుపోయేది అతనే. ఆ రోజు తూకానికి దిగకముందే ధర తగ్గించి చెప్పాడు.

"ఏందన్నా, ఏమైంది?" అంది రుక్కమ్మ.

"ఏం జెప్పాలె అక్కా. అమెరికా నుంచి లెగ్గులు వస్తున్నయంట. ఓడలల్ల, ఐసుల పెట్టి. మన కోడి ధరల సగానికే అమ్ముతరంట. పట్నంల హోటళ్లోళ్లు అప్పుడే బేరాలు మొదలువెట్టిన్రు. ఇగ మన పని ఖతం."

"వచ్చినయా?"

"ఇంక రాలే. వచ్చే ఏడు గేట్లు తెరుస్తరంట."

"రాని కోడికి ఇప్పుడే ధర తగ్గిస్తివి గదా! ఎవలు జెప్పిన్రు?"

ఓదెలు నవ్వి తల గోక్కున్నాడు. కానీ ఆ తర్వాతి నెలల్లో భయం నిజంగానే పాకింది. పేపర్లలో రోజూ అదే వార్త. విదేశీ సరుకు మీదున్న ఆంక్షలు కేంద్రం ఎత్తివేయబోతోందని, అమెరికా ఒత్తిడి పెడుతోందని రాశారు. అలియాబాద్ దిక్కు ఇద్దరు ముగ్గురు రైతులు కొత్త పిల్లలు దింపకుండా షెడ్లు ఖాళీగా పెట్టుకున్నారు. వెంకటనర్సయ్య కూడా "ఒక బ్యాచ్ ఆగుదామా?" అన్నాడు. రుక్కమ్మ ఆగలేదు గానీ, పిల్లల డబ్బాలు విప్పుతున్నప్పుడు ఇదివరకటి ఉత్సాహం లేదు.

కోళ్ల ఎరువు కోసం ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో సుప్రజ ఒకరు. తెనాలి వైపు మనిషి. మేడ్చల్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేది, రోజారాణికి కూడా ఆమే టీచరు. ఆమె భర్త హేమచంద్ ఒక దాణా కంపెనీలో ఉద్యోగి. రుక్కమ్మ ఫారానికి దాణా వేయించేది అతనే. రోడ్డు పక్కన కొత్తగా వచ్చిన కాలనీలో ఇల్లు కట్టుకుని, పెరట్లో గులాబీలు, వంగ, బెండ వేసుకున్నారు. ఆ ఆదివారం సుప్రజ ఎరువు సంచి నింపించుకుంటుంటే రుక్కమ్మ అడిగేసింది.

"మేడం, మీరు పిల్లగాండ్లకు దేశాల ముచ్చట చెప్తరట గదా. అమెరికోళ్లకు లెగ్గు పీసు ఎందుకు పడదు?"

సుప్రజ నవ్వింది. "పడక కాదు రుక్కమ్మగారూ. వాళ్లకి రొమ్ము మాంసం ఇష్టం. తెల్లగా, ఎముక లేకుండా ఉంటుంది కదా. దానికి ఎంతైనా పెట్టి కొంటారు. కోడిని పెంచాక దాంతోపాటు కాళ్లూ వస్తాయి. అక్కడ పెద్దగా అడిగేవాళ్లు లేరు. అందుకని ఎంతకో ఒకంతకి బయట దేశాలకి అమ్మేద్దామని చూస్తారు."

"మా దిక్కు పెండ్లిళ్లల్ల లెగ్గు పీసు పడలేదని అల్లుండ్లు అలిగి లేస్తరు! సరే, ఆళ్లకు వద్దు. గవి మా నెత్తిన ఎయ్యాల్నని ఎవలు జెప్పిన్రు? ఆ ప్రెసిడెంటేనా?"

సుప్రజ ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. బోర్లించిన దాణా డ్రమ్ము మీద కూర్చుంది. "నేను క్లాసులో ఈ పాఠమే చెబుతానండి, అమెరికా విదేశాంగ విధానం అని. ప్రెసిడెంటు ఒక్కడే అనుకుంటారు అందరూ. కాదు. అక్కడ కాంగ్రెస్ ఉంటుంది..."

"ఆడ గూడ కాంగ్రెసేనా?"

"మన పార్టీ కాదండీ!" సుప్రజకు నవ్వు ఆగలేదు. "అక్కడి పార్లమెంటు పేరే అది. మనకి ఎంపీలున్నట్టే వాళ్లకీ ఉంటారు. ఎవరి ప్రాంతం వాళ్లది. కోళ్లు పెంచే ప్రాంతం నుంచి గెలిచినవాడు కోళ్ల గురించే మాట్లాడతాడు. గోధుమలు పండే చోటు నుంచి వచ్చినవాడు గోధుమల గురించి పోట్లాడతాడు. వీళ్లందరూ వెళ్లి వ్యాపారం చూసే ఆఫీసు మీద ఒత్తిడి పెడతారు. విదేశాంగ శాఖ ఇంకోటి. వాళ్ల లెక్క వేరు, ఫలానా దేశంతో స్నేహం చెడకూడదని. ఇవన్నీ కలిసి, తగువులాడుకుని, చివరికి బయటికొచ్చిన మాటనే మనం 'అమెరికా చెప్పింది' అంటాం."

రుక్కమ్మ ఎరువు పార పక్కన పెట్టి నిలబడిపోయింది. అంతవరకూ అమెరికా అంటే ఆమె మనసులో ఒకే ఒక మనిషి. కోటు వేసుకుని పెద్ద బల్ల ముందు కూర్చుని, వేలు చూపించి 'శామీర్‌పేటకు లెగ్గులు పంపుండ్రి' అనే మనిషి. ఇప్పుడు ఆ బల్ల చుట్టూ ఎందరో తోసుకుంటున్నట్టు కనిపించింది. ఒక్కడి మాటే చెల్లదన్నది ఆమెకు కొంచెం ధైర్యంగానే అనిపించింది.

ఆ చలికాలంలో హేమచంద్ మోటారు సైకిల్ మీద హడావుడిగా వచ్చాడు. అమెరికా నుంచి ఒక బృందం హైదరాబాద్ వచ్చిందని, ఒక చిన్న రైతు ఫారం చూస్తామంటున్నారని, తన కంపెనీ వాళ్లు రుక్కమ్మ ఫారం పేరు రాసిచ్చారని చెప్పాడు.

"గాళ్లా? లెగ్గులోళ్లా?" అంది రుక్కమ్మ.

"అందరూ కాదు అమ్మా. అందులో మక్కజొన్న, సోయా పండించే రైతుల సంఘం వాళ్లున్నారు. ఒకావిడ మాత్రం వాళ్ల పార్లమెంటు మెంబరు ఆఫీసులో పనిచేస్తుందట. దయచేసి వాళ్లని ఏమీ అడక్కండి. చూసి వెళ్లిపోతారు."

అడగొద్దని రుక్కమ్మతో అనడం హేమచంద్ చేసిన పొరపాటు.

వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే గేటు దగ్గర సున్నం చల్లించింది. కోళ్లకు రోగం అంటకుండా కాళ్లు ముంచుకునే మందు నీళ్ల తొట్టి కొత్తగా నింపింది. ఇంట్లో తిరిగే నాటుకోడిని కోయించి కూర వండింది, జొన్నరొట్టెలు చేసింది. వెంకటనర్సయ్య సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడ నిలబడాలో తెలియక తిరిగాడు. హేమచంద్ తనకు వాళ్ల యాస అందదేమోనని భార్యను వెంట తెచ్చుకున్నాడు. మాటలు అటూ ఇటూ చేర్చే పని సుప్రజది.

జీపులోంచి ఇద్దరు దిగారు. మిగతా వాళ్లు నగరంలోనే ఏదో మీటింగులో ఉండిపోయారట. ఒకాయన వారెన్, అరవై దాటిన వాడు, ఎండకు కందిన ఎర్రటి మెడ, నెత్తిన టోపీ. మక్కజొన్న, సోయా రైతు. రెండో ఆమె కెల్లీ. ముప్పై ఏళ్లుంటాయి. ఎవరూ చెప్పకముందే ఆమె బూట్లు తొట్టిలో ముంచి, షెడ్డులోకి పోయి, కోళ్లు బెదరకుండా మెల్లగా వంగి, ఒక కోడిని రెక్కలు అదిమి ఎత్తి దాని రొమ్ము ఎముక తడిమి చూసింది.

రుక్కమ్మ కళ్లు చిట్లించింది. "మేడం, ఈ పిల్లకు కోళ్లు ఎరుకే."

సుప్రజ అడిగి చెప్పింది. "వాళ్ల నాన్నకి కోళ్ల షెడ్లు ఉన్నాయటండీ. చిన్నప్పుడంతా షెడ్లోనే పెరిగిందట."

భోజనానికి షెడ్డు పక్కన వేపచెట్టు నీడలో చాపలు పరిచారు. రోజారాణి నీళ్లు పోసింది. రుక్కమ్మ ఇద్దరి పళ్లాల్లోనూ చెరో లెగ్గు పీసు వేసింది. అతిథికి వేసేది అదే. కెల్లీ దాన్ని చూసి గట్టిగా నవ్వేసింది. వారెన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి రుక్కమ్మకు ధైర్యం వచ్చింది.

"మేడం, అడుగుండ్రి. గీ లెగ్గులు మా మీదికి తోలాల్నని ఆళ్ల దేశంల ఎవలు జెప్పిన్రు?"

హేమచంద్ వద్దన్నట్టు చేయి ఊపాడు. సుప్రజ అతన్ని చూసింది, రుక్కమ్మను చూసింది, ఇంగ్లీషులో అడిగేసింది.

వారెన్ రొట్టె ముక్క పళ్లెంలో పెట్టాడు. "మేం మాత్రం కాదు" అన్నాడు. సుప్రజ వెంట వెంటనే తెలుగు చేస్తూ పోయింది. "మేం మక్కలు, సోయా అమ్ముకునేవాళ్లం. మీ కోళ్లు పెరగాలి, మీకు దాణా చాలకపోవాలి, అప్పుడు మీరు మా దగ్గర కొనాలి. మాకు కావలసింది అది. మీ షెడ్లు మూతబడితే మా సోయా ఎవరు తింటారు? లెగ్గులు పంపొద్దని మేం మా వ్యాపార శాఖ ఆఫీసుకు వెళ్లి మరీ చెప్పాం."

"పంపమని చెప్పింది మేమే" అంది కెల్లీ. ఆమె గొంతులో బెరుకు లేదు. "మా ప్రాంతంలో రోడ్డు పొడుగునా షెడ్లే. మా లెగ్గులన్నీ రష్యా కొనేది. రెండేళ్ల కిందట వాళ్ల రూబుల్ విలువ పడిపోయి కొనడం తగ్గించారు. కోల్డ్ స్టోరేజీలు నిండిపోయాయి. కంపెనీలు రైతులకు కోడిపిల్లలు ఇవ్వడం ఆపేశాయి. వాళ్లంతా మా ఆఫీసు ముందు నిలబడ్డారు. మా మెంబర్ ఏం చేయాలి? ఇండియా గేట్లు తెరిపించండి అని వ్యాపార శాఖ మీద పడ్డాడు."

వారెన్ ఆమె వైపు తిరిగాడు. ఇద్దరూ నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మాట మీద మాట పడింది. సుప్రజకు అందుకోవడం కష్టమైంది. "ఆయనేమో మీరు వచ్చే ఏడాది లాభం కోసం ఇరవై ఏళ్ల కొనుగోలుదారుని పోగొడుతున్నారంటున్నాడు. ఆవిడేమో ఇరవై ఏళ్ల సంగతి తర్వాత, మా వాళ్లకి ఈ ఏడాది తిండెట్లా అంటోంది. ఇప్పుడాయన... విదేశాంగ శాఖ వాళ్లకి ఈ గొడవే ఇష్టం లేదట. అణుపరీక్షల తర్వాత ఇండియాతో ఇప్పుడిప్పుడే సర్దుకుంటున్నాం, కోడి కాళ్ల దగ్గర చెడగొట్టకండి అంటున్నారట."

వెంకటనర్సయ్య నోరు తెరిచి చూస్తున్నాడు. "ఏందే, ఆళ్లు ఆళ్లే కొట్లాడుకుంటున్నరు?"

రుక్కమ్మకు మొదట నవ్వొచ్చింది. అన్నదమ్ములు పొలం గెట్టు దగ్గర వాదులాడుకున్నట్టే ఉంది. "ఇంతకూ ఎవలి మాట విన్నరంట?"

సుప్రజ అడిగింది. ఇద్దరూ ఒక్కసారి ఆగి, ఒకరినొకరు చూసుకుని, "ఇంకా తేలలేదు" అన్నారు.

నవ్వుతున్న రుక్కమ్మకు అంతలో ఒకటి తట్టింది. "మీ నాయిన షెడ్లు ఇప్పుడెట్లున్నయి బిడ్డా?" అని కెల్లీని అడిగింది.

ఆ ప్రశ్న వస్తుందని కెల్లీ అనుకోలేదు. "చాలా కాలం ఖాళీగా ఉన్నాయి. మా నాన్న బడి పిల్లల బస్సు నడుపుతున్నాడు. ఒక షెడ్డులో ఈ మధ్యే మళ్లీ కోడిపిల్లలు దించారు."

ఖాళీ షెడ్డు ఎట్లా ఉంటుందో రుక్కమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మాట విన్నాక లెగ్గులు పంపేవాళ్ల మీద ఇన్నాళ్లూ కూడగట్టుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. లేచి వెళ్లి కెల్లీ పళ్లెంలో ఇంకో గరిటె కూర వేసింది.

"మీ నాయిన సల్లగుండాలె. కానీ నా షెడ్డు నిండాల్నంటే నేనైతే మీతోని కొట్లాడాలె. తప్పుపట్టకు."

సుప్రజ ఆ మాటను జాగ్రత్తగా చెప్పింది. కెల్లీ తలూపింది. "మీ స్థానంలో ఉంటే మా నాన్న కూడా అంతే. మరి మీరు మీ మెంబర్ ఆఫీసుకు వెళ్లారా?"

రుక్కమ్మ పోనేలేదు. ఇదివరకు కరెంటు కోసం లైన్‌మన్ దగ్గరికి పోయింది, సబ్‌స్టేషన్‌కు పోయింది, ఎమ్మార్వో ముందు నిలబడింది. కానీ ఎంపీ అనే మనిషి ఓట్లప్పుడు జీపులో చేయి ఊపుతూ పోయేవాడే తప్ప, పోయి కలవదగిన వాడని ఎన్నడూ తోచలేదు.

వాళ్లు వెళ్లాక గిన్నెలు సర్దుతూ ఆమె సుప్రజను ఆపింది. "మేడం, ఆ ముసలాయన ముచ్చట నాకు మస్తు నచ్చింది. మక్కలోళ్లు మన కోళ్లోళ్ల దిక్కున్నరు ఆడ. మరి మన దగ్గర?"

సుప్రజ చేతిలోని సంచి కింద పెట్టేసింది. "మన దగ్గరా అంతే కదండీ! గజ్వేల్, తూప్రాన్ వైపు మక్కజొన్న అంతా ఎక్కడికి పోతోంది? మా ఆయన కంపెనీకే. కోళ్లు లేకపోతే వాళ్ల మక్కలు కొనేవాళ్లు లేరు. కోళ్ల రైతులు కొద్దిమంది. మక్కల రైతులు లెక్కలేనంతమంది. వాళ్లు వస్తే ఏ ఎంపీ అయినా కూర్చోబెట్టి వింటాడు."

"ఇగ పోదాం పాండ్రి, జల్దీ" అంది రుక్కమ్మ.

ఆ నెలంతా ఆమె షెడ్డు పని తెల్లవారేసరికే ముగించుకుని తిరిగింది. వెంకటనర్సయ్య సెలవు దొరికిన రోజు తోడు వెళ్లేవాడు. తూప్రాన్ మార్కెట్ యార్డులో మక్కల కుప్పల మధ్య నిలబడి మాట్లాడటం మొదట్లో ఆమెకు సరిగా రాలేదు. ఒక ముసలి రైతు, "కోళ్లు నీవి, మాకేందమ్మా?" అని కసిరాడు కూడా. అవమానంగా అనిపించి ఆ రోజు ఊరికే తిరిగొచ్చింది. రెండోసారి పోయినప్పుడు మాట తిప్పింది. "తాతా, నీ మక్కలు ఎవలు తింటున్నరు? పట్నపోళ్లా? నా కోళ్లు! నా షెడ్డు బందైతే గీ కుప్ప ఎవలికి అమ్ముతవు?" అంది. ఆయన గడ్డం గోక్కున్నాడు. పక్కవాళ్లు దగ్గరికి జరిగారు. అక్కడి నుంచి మాట దానంతట అదే పోయింది.

మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాలులో మీటింగు పెట్టారు. కోళ్ల రైతుల సంఘం వాళ్లు రమ్మంటే పార్లమెంటు సభ్యుడు వచ్చాడు. యాభై మంది కోళ్లవాళ్లు ఉంటారేమో అనుకుని వచ్చిన ఆయన, హాలు బయట రోడ్డు దాకా నిలబడ్డ మక్కల రైతులను చూసి కండువా సర్దుకున్నాడు. వేదిక మీద హోటళ్ల తరఫు మనిషి కూడా ఒకాయన ఉన్నాడు. చవకగా మాంసం వస్తే జనానికే మేలు కదా అని మర్యాదగానే వాదించాడు. రుక్కమ్మకు ఆయన మీద కోపం రాలేదు. ఎవరి గోల వాళ్లది అని అప్పటికే ఆమెకు అర్థమైంది.

ఆమెను మాట్లాడమన్నారు. మైకు కుయ్యిమంది. కొంగు నడుముకు చుట్టుకుంది.

"సారూ, అమెరికోళ్లు మా ఇంటికొచ్చి అన్నం తిని పోయిన్రు. మంచోళ్లే. ఆళ్ల మెంబరు ఆళ్ల కోళ్ల కోసం ఆడ కొట్లాడుతున్నడు. మా మెంబరు మీరు. మా కోసం మీరు గూడ గట్లనే కొట్లాడాలె గదా. ఇంకేం లేదు" అని కూర్చుంది.

చప్పట్లు కొడుతున్నారని ఆమెకు కాసేపటి దాకా తెలియలేదు. సుప్రజ వెనక వరుసలో నిలబడి తన విద్యార్థులతో కలిసి చప్పట్లు కొడుతోంది.

ఆ తర్వాత ఢిల్లీలో ఏం జరిగిందో రుక్కమ్మకు పూర్తిగా ఎప్పటికీ తెలియలేదు. ఎన్నో రాష్ట్రాల నుంచి ఎందరో పోయారని, ఒక శాఖ ఔనంటే ఇంకో శాఖ కాదందని హేమచంద్ చెప్పేవాడు. చివరికి గేట్లు తెరిచారు గానీ, కోడి కాళ్ల మీద ధర రెట్టింపయ్యేంత సుంకం వేశారు. ఓడలు రాలేదు. ఓదెలు మళ్లీ మంచి ధరతో వచ్చి, ఏమీ జరగనట్టే తూకం వేశాడు. అలియాబాద్ దిక్కు ఖాళీ పడ్డ షెడ్లలో బల్బులు వెలిగాయి.

"నీ వల్లనే అయిందంటున్నరు ఊళ్లె" అన్నాడు వెంకటనర్సయ్య గర్వంగా.

"నా ఒక్కదాని వల్ల ఏం కాలే. నేనొక దిక్కు నూకిన, ఇంకెందరో నూకిన్రు. బండి కదిలింది" అంది ఆమె. కానీ ఆ పూట పాయసం వండింది. తింటున్నప్పుడు ఒక్క క్షణం కెల్లీ నాన్న గుర్తొచ్చాడు. రష్యా మళ్లీ బాగానే కొంటోందని హేమచంద్ చెబితే, ఆమె మనసు నిమ్మళించింది.

ఏడాదికోసారి, విదేశాంగ విధానం పాఠం వచ్చినప్పుడు సుప్రజ ఆమెను కాలేజీకి పిలిపించుకునేది. ముందు తాను పాఠం చెప్పేది, తర్వాత రుక్కమ్మ తాను చూసింది చెప్పేది. మొదటిసారి నల్లబల్ల ముందు కుర్చీ అంచు మీద కూర్చున్న రుక్కమ్మ, రెండో ఏడు నుంచి పిల్లలను నవ్వించడం నేర్చుకుంది. కొన్నేళ్లకు రోజారాణి డిగ్రీ పూర్తి చేసి శామీర్‌పేటలోనే ఒక బ్యాంకులో చేరింది. వెంకటనర్సయ్య జీడిమెట్ల కొలువు మానేసి దాణా పని తానే చూసుకోసాగాడు. షిఫ్టు సైరన్ లేకుండా నిద్ర లేవడం ఆయనకు బాగా నచ్చింది.

బ్యాచ్ ఎత్తాక షెడ్డు కడిగి ఆరబెట్టే రోజులు వాళ్లకు పండగ లాంటివి. ఇరాక్ యుద్ధం మొదలైన ఎండాకాలంలో అట్లాంటి ఒక సాయంత్రం ఇద్దరూ శామీర్‌పేట చెరువు కట్ట మీదికి పోయారు. ఇంత దగ్గర ఉండి ఊరికే కూర్చుందామని అక్కడికి రావడం అదే మొదటిసారి. మిరపకాయ బజ్జీలు కొనుక్కుని రాళ్ల మీద కూర్చున్నారు. నీళ్ల మీది నుంచి చల్లటి గాలి వస్తోంది. పొట్లం కట్టిన పేపర్లో యుద్ధం బొమ్మ ఉంది.

వెంకటనర్సయ్య దాన్ని విప్పి చూశాడు. "గీ అమెరికాకు ఏం పుట్టిందే? గంత దూరంల ఉన్నోళ్ల మీద పడ్డది!"

వ్యాన్‌లో వచ్చిన పిల్లలు నీళ్లలోకి రాళ్లు విసురుతుంటే రుక్కమ్మ చూస్తోంది. "ఏమోనయ్యా. ఆడ గూడ వద్దన్నోళ్లు ఉంటరు. ఎందరో అడ్డం పడుంటరు. ఈసారి ఆళ్లు ఓడిపోయిన్రు గావచ్చు."

"పాపం" అన్నాడు ఆయన. ఎవరి గురించి అన్నాడో ఆయనకూ స్పష్టంగా తెలియదు.

బజ్జీలు కారంగా ఉన్నాయి. ఆమె కళ్లలో నీళ్లొస్తే ఆయన నవ్వాడు. సీసాలో నీళ్లు ఆమె తాగి ఆయనకు ఇచ్చింది. చీకటి పడకముందే లేవాలనుకున్నారు గానీ, గాలి హాయిగా ఉందని ఇంకొంచెం సేపు కూర్చున్నారు. బస్సు పోతే ఆటో దొరక్కపోదులే అంది రుక్కమ్మ.